కురిసే ఇల్లు, కదలని పెద్దలు

(రేడియోలో ప్రసారమైన వాక్య సందేశము. ధ్యాన భాగము: రెండవ రాజులు 12వ అధ్యాయము, 4 నుండి 16 వచనములు)

 

ఈ వేళ మన ధ్యానమునకు రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము తీసుకుందాం. బైబిలు దగ్గరున్నవారు తెరిచి పెట్టుకోండి. ఏడేండ్ల పసివయసులో సింహాసనమెక్కిన యోవాషు రాజు సంగతి అక్కడ రాయబడింది. సొలొమోను కట్టించిన మందిరము అప్పటికి నూరేండ్లు దాటిన కట్టడము. పైగా అతల్యా కుమారులు దానిని పాడుచేశారని దినవృత్తాంతముల రెండవ గ్రంథము చెబుతోంది. యోవాషు యాజకులను పిలిచాడు. ప్రజలు తెచ్చే సొమ్ము మీ మీ పరిచయస్థుల దగ్గర మీరే తీసుకోండి, మందిరము ఎక్కడెక్కడ శిథిలమైనదో అక్కడ బాగుచేయించండి అన్నాడు. మంచి ఏర్పాటే. అయితే ఏమి జరిగింది? రాజు ఏలుబడిలో ఇరువది మూడవ యేడు వచ్చింది. మందిరము మాత్రం అలాగే ఉంది. ఒక్క రాయి కదలలేదు.

ప్రియులారా, గమనించండి. అక్కడ ఆజ్ఞ లేక కాదు, సొమ్ము రాక కాదు. వాక్యము ఆ యాజకులను దొంగలని కూడా అనలేదు. బహుశా ఒక్కొక్కరూ పక్కవాడు చూసుకుంటాడని అనుకొని ఉంటారు. రేపు చూద్దాం, పండుగ అయ్యాక చూద్దాం, వానలు తగ్గాక చూద్దాం అనుకొని ఉంటారు. వానలు తగ్గినాక ఇంకెందుకు చూడడం? కురవడం ఆగిపోయింది కదా! ఇలాగే యేండ్లు గడుస్తాయి. సోమరితనం వలన ఇంటి దూలాలు కుంగుతాయనీ, చేతులు ముడుచుకొని కూర్చుంటే వాన ఇంట్లోకే వస్తుందనీ ప్రసంగి పదవ అధ్యాయము పదునెనిమిదవ వచనములో చెప్పిన భావము ఇదే.

ఆత్మకూరు నుండి ఒక సహోదరి రాసిన ఉత్తరము నా ముందు ఉంది. పేరు చెప్పవద్దని కోరింది, చెప్పను. పన్నెండు ఇళ్లున్న అపార్టుమెంటులో పై అంతస్తు వాళ్లది. భర్త కువైట్‌లో డ్రైవరు. అప్పు చేసి కొన్న ఇల్లు. ఇంట్లో ఆయాసముతో బాధపడే అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఇది మూడవ వానాకాలం, శ్లాబు కారుతూనే ఉంది. పడకగదిలో బకెట్టు, వంటింట్లో గిన్నె, గోడంతా నల్లని బూజు. ఒక రాత్రి చిన్న పిల్ల మంచము దిగి నీళ్లు తాగడానికి వెళ్లింది. ఆ కాసేపట్లోనే పైనుండి సిమెంటు పెచ్చు ఊడి అదే మంచము మీద పడింది. ప్రభువు కాపాడాడు. మరునాడే ఆ తల్లి అపార్టుమెంటు సెక్రటరీ దగ్గరకు పరుగెత్తింది. ఆయన "చూద్దాంలే అమ్మా" అన్నాడు. కింది అంతస్తులవాళ్లు "కారేది మీ ఇంట్లో కదా, మీరే వేయించుకోండి" అన్నారు. కట్టిన బిల్డరు ఫోను ఎత్తడం లేదు. ఇంకొక మాట కూడా రాసింది. ఆ సెక్రటరీగారు మన సంఘస్థుడే, ఆదివారం కానుకల సంచి పట్టేది ఆయనే.

"అయ్యగారూ, నేను ఫిర్యాదు చేస్తే సాక్ష్యము పాడవుతుందా? ప్రార్థనలో కనిపెట్టుకొని ఉండడమే మేలా?" అని అడుగుతోంది.

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. ఫిర్యాదు చెయ్యి. ప్రార్థన మానవద్దు, ఫిర్యాదూ మానవద్దు. ఎందుకు చెబుతున్నానో వాక్యములోనే చూద్దాం.

మొదట, ఇల్లు కురవడం దేవునికి సంబంధించిన సంగతేనా అని కొందరు అనుకుంటారు. లేవీయకాండము పదునాలుగవ అధ్యాయము రెండవ సగము చదవండి. ఇంటి గోడలో మచ్చలు కనబడితే ఇంటివాడు ఊరకుండక యాజకునితో చెప్పాలి. యాజకుడు లోపలికి రాకముందే సామాను బయట పెట్టించాలి. వచ్చి చూడాలి. ఏడు దినములు ఇల్లు మూసి ఉంచి మళ్లీ వచ్చి చూడాలి. మచ్చ వ్యాపించి ఉంటే ఆ రాళ్లు ఊడదీయించి, గోడ గీయించి, వేరే రాళ్లు పెట్టి, కొత్త అడుసు పూయించాలి. చూడండి, దేవుడు తన ప్రజల గోడలకు పట్టిన చెమ్మను కూడా ధర్మశాస్త్రములో చేర్చాడు! ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో మేడకు పిట్టగోడ కట్టించమన్నాడు, పైనుండి ఎవడైనా పడితే ఆ రక్తాపరాధము ఇంటివాడి మీద ఉంటుందన్నాడు. ఆ వచనము ప్రకారం చూస్తే, ఊడి పడే శ్లాబు గురించి తెలిసి కూడా కదలనివాడు అమాయకుడు కాడు. ఆ మాట చెప్పడం సహోదరుని దూషించడము కాదు.

మన పడమటి పక్క పెద్దలకు మట్టి మిద్దెల కాలము గుర్తుండే ఉంటుంది. మిద్దె "ఉరుస్తా ఉంది" అనేవాళ్లం. వానలకు ముందే చవుడు తెచ్చి పైన పరిచేవాళ్లు. నడిరాత్రి వాన పట్టుకుంటే ఇంటాయన గోనెసంచి తల మీద కప్పుకొని మిద్దె ఎక్కి, ఎక్కడ ధార పడుతోందో అక్కడ మట్టి వేసి కాలితో తొక్కేవాడు. మిద్దె ఎవరిది అనే తగవు లేదు, ఒక్క ఇల్లు, ఒక్క మిద్దె. ఇప్పుడు పన్నెండు ఇళ్లకు ఒకటే మిద్దె. వాన మాత్రం పై వరుసలోని మూడు నాలుగు ఇళ్లమీదనే పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అందుచేత కింది అంతస్తుల విశ్వాసులారా, ఈ మాట మీకు. ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము 1987లో వచ్చింది. దాని ప్రకారం పునాది, స్తంభాలు, పైకప్పు సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి. పునాది కుంగితే పై అంతస్తువాడు "అది మీ పునాది, మీరే చూసుకోండి" అనగలడా? అనలేడు. మరి కప్పు కారితే మీరెలా అంటారు? ఒక అవయవము బాధపడితే మిగిలినవన్నీ దానితో కూడ బాధపడాలని పౌలు కొరింథీ సంఘమునకు రాశాడు. దానిని సంఘ కూటములో చదివి తల ఊపి, ఇంటికి వచ్చి పైవాళ్ల బకెట్టు సంగతి మాకెందుకు అంటే ఎలా? కార్యనిర్వాహక సభ్యులు కదలకపోవడానికి సగము కారణము ఇదే. ఖర్చు పంచుతామంటే తొమ్మిది ఇళ్లవాళ్లు తలుపు తీయరు. పాపం, ఆ సెక్రటరీకి జీతమేమీ లేదు, అందరి మాటలూ పడతాడు. ఆయన తప్పు లేదని కాదు, ఆయన ఒక్కడి తప్పే కాదని చెబుతున్నాను.

ఇప్పుడు యోవాషు దగ్గరకు తిరిగి వెళ్దాం. ఇరువది మూడవ యేట రాజు ఏమి చేశాడు? ప్రధాన యాజకుడైన యెహోయాదానూ మిగిలిన యాజకులనూ పిలిపించి ఎదురుగా అడిగాడు: ఎందుకు బాగుచేయలేదు? వీధిలో అనలేదు, వెనుక అనలేదు. తరువాత సొమ్ము వారి చేతికి వెళ్లే దారి మార్చాడు. యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర, లోపలికి వచ్చేవారి కుడి పక్కన పెట్టాడు. సొమ్ము నిండినప్పుడు రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచులలో కట్టి, పని చేయించేవారి చేతికి ఇచ్చారు. వారు వడ్రంగులకు, కాసె పనివారికి, రాళ్లు కొట్టేవారికి ఇచ్చారు, మ్రానులు, చెక్కిన రాళ్లు కొన్నారు. ఆ సొమ్ముతో వెండి పాత్రలు చేయించలేదని కూడా రాయబడింది. అంటే బాగుచేయడానికి వచ్చినది బాగుచేయడానికే. కప్పు కారుతుండగా గేటుకు రంగు వేయించే అపార్టుమెంటు పెద్దలు ఆ వచనము చదవాలి.

ఇందులో నన్ను బాగా తాకిన సంగతి ఒకటి ఉంది. పెట్టెకు బెజ్జము చేసినది ఎవరు? ఇరువది మూడేండ్లు పని జరగని కాలములో ప్రధాన యాజకుడుగా ఉన్న ఆ యెహోయాదాయే. రాజు ఆయనను గెంటివేయలేదు. ఆయన చేతికే పని ముట్టు ఇచ్చాడు. అమ్మా, మీ సెక్రటరీగారిని పడగొట్టడం నీ గురి కాకూడదు. కప్పు నీ గురి. ఆయన తోనే ఆ పని చేయించగలిగితే అంతకంటే మేలేముంది?

అయితే ఎలా మొదలుపెట్టాలి? నెహెమ్యా రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి యెరూషలేము గోడ ఎక్కడెక్కడ పడిందో కళ్లారా చూసి, ఆ తరువాతనే అధికారులతో మాట్లాడాడు. నీవు కూడా ముందు చూడు. తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొని మేడ ఎక్కు. వాన నీళ్లు దిగే గొట్టము ఆకులతో, చెత్తతో మూసుకుపోయిందేమో చూడు. చాలా ఇళ్లలో కథ అక్కడే మొదలవుతుంది. పిట్టగోడ శ్లాబును కలిసే మూలలో పగులు ఉంటుంది. నీళ్ల ట్యాంకు కారుతూ ఉండవచ్చు, గొట్టము శ్లాబులోనికి దిగే చోట సందు ఉండవచ్చు. వాన లేని రోజుల్లో గొట్టము మూసి, మేడమీద కొద్దిగా నీళ్లు నిలగట్టి, ఒకటి రెండు రోజులు ఎక్కడ చెమ్మ దిగుతుందో చూస్తారు. కాని మీ ఇంట్లో ఇప్పటికే పెచ్చులు ఊడుతున్నాయి గనుక ఇంజనీరును అడగకుండా నీళ్ల బరువు పెట్టవద్దు. పెచ్చులు ఊడాయంటే లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బిందని అర్థము. దానికి కింద నుండి పుట్టీ పెట్టి సున్నము వేస్తే రెండు నెలలు అందముగా ఉంటుంది, అంతే. పైన పగులు తెరిచి శుభ్రము చేసి, నీళ్లు పట్టని మందు కలిపిన సిమెంటుతో నింపి, మూలలు వాలుగా పూసి, ఆ మీద పూత వేయాలి. ఊడిన చోట చువ్వ తుప్పు గీకించి మళ్లీ సిమెంటు పట్టించాలి. ఇది ఎండ ఉన్నప్పుడు చేసే పని. మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 2021 నవంబరులో పెన్న పొంగిన వానలను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానును మీరు మరచిపోలేదు. సంక్రాంతి తరువాత అడగడము మొదలుపెడితే వేసవిలో పని అవుతుంది. దీపావళికి మొదలుపెడితే బకెట్టే గతి. అంతవరకు ఆ మంచము అక్కడ వద్దు, ఈ రోజే జరుపు.

ఇక అడగడము. మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో ప్రభువు క్రమము చెప్పాడు. ముందు ఒంటరిగా వెళ్లు. "అన్నా, మా పిల్ల మంచము మీద పెచ్చు పడింది, ఒకసారి పైకి వచ్చి చూడండి" అని పిలువు. ఫోనులో చెప్పిన కారుడు వేరు, ఆ మంచము పక్కన నిలబడి తల ఎత్తి చూసిన కారుడు వేరు. యాజకుడు సైతం ఆ ఇంటికి వచ్చి చూసేవాడు గదా! ఆయన రాకపోతే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్లు, పై అంతస్తులో ఉన్న మిగతా ఇంటివాళ్లే నీకు సాక్షులు. అప్పుడు కాగితము రాయి. తేదీ వేయి, ఫోటోలు జతచేయి, మేస్త్రీ వేసిన ఖర్చు అంచనా పెట్టు, ఫలానా తేదీలోగా సర్వసభ్య సమావేశము పిలవమని అడుగు, ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో. తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపు. కాగితము రాయడం పగ తీర్చుకోవడము కాదు. నోటిమాట మరచిపోవచ్చు, కాగితము మరచిపోదు.

ఆయన విశ్వాసి గనుక మూడవ మెట్టుగా సంఘ పెద్దలకు చెప్పు. విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకెక్కడము పౌలుకు దుఃఖము కలిగించిన సంగతి. మన మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడైనా లేడా అని ఆయన అడిగిన భావము కొరింథీ మొదటి పత్రిక ఆరవ అధ్యాయములో ఉంది. పాస్టరుగారలారా, పెద్దలారా, ఆ సహోదరి వచ్చినప్పుడు "ప్రార్థన చేద్దాం తల్లీ" అని పంపివేయవద్దు. ప్రార్థన చేసి, లేచి, ఆమెతో కూడ ఆ మేడ ఎక్కండి.

అయినా కదలిక లేకపోతే? అధికారము కూడ దేవుడు నియమించినదే. ఫిలిప్పీలో పౌలు, రోమా పౌరుడనైన నన్ను విచారణ లేకుండ కొట్టించి ఇప్పుడు రహస్యముగా పంపివేస్తారా అని నిలదీశాడు. ఫేస్తు ఎదుట కైసరు దగ్గర చెప్పుకుంటానన్నాడు. ఆయనకు సాక్ష్యము పాడవలేదు. బిల్డరు సంగతికి వస్తే, 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, అందరూ రెరా అంటారే అది, పదునాలుగవ సెక్షనులో ఇలా చెబుతోంది: ఇల్లు అప్పగించిన నాటి నుండి ఐదేండ్లలోపు కట్టుబడిలో లోపము కనిపించి తెలియజేస్తే, కట్టినవాడు 30 రోజులలో వేరే సొమ్ము అడగకుండ బాగుచేయాలి. చేయకపోతే నష్టపరిహారము అడగవచ్చు. చిన్న అపార్టుమెంట్లలో కొన్నిటికి ఆ చట్టము కింద రిజిస్ట్రేషను అక్కర లేకపోవచ్చు, కాబట్టి మీ కాగితాలు తెలిసినవారికి చూపించు. ఐదేండ్ల లెక్క మాత్రం ఈ వేళే చూసుకో, "చూద్దాంలే" అనే మాటలో ఆ ఐదేండ్లు కరిగిపోతాయి. వినియోగదారుల ఫోరం అని మనం పిలిచేది ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషను, నెల్లూరులో ఉంది. అక్కడ సాధారణంగా రెండేండ్లలోపు ఫిర్యాదు వేయాలి. 1915 నంబరుకు ఫోను చేస్తే వినియోగదారుల సహాయ కేంద్రము దారి చెబుతుంది. 1987లోనే వచ్చిన న్యాయసేవల చట్టము ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయముతో పని లేకుండ ఉచిత న్యాయ సహాయము దొరుకుతుంది. మన సంఘాలలో ఎంతమందికి ఇది తెలుసు? 15100 నంబరు రాసి పెట్టుకోండి.

అద్దె ఇళ్లలో ఉన్నవారికి ఒక్క మాట. మరమ్మతు ఇంటివారిదే అని ఒప్పందములో ఉండి, రాతపూర్వకముగా తెలియజేసినా తగిన కాలములో వారు చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకొనే వీలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో ఉంది. ఒప్పందము చదవకుండ తొందరపడవద్దు.

లూకా పదునెనిమిదవ అధ్యాయములోని విధవరాలిని మనం ప్రార్థనకు మాదిరిగానే చెప్పుకుంటాం. అది సరియే, ప్రభువు అందుకే చెప్పాడు. కాని ఆమె చేసిన పని ఏమిటి? దేవునికి భయపడని న్యాయాధిపతి గడప మళ్లీ మళ్లీ తొక్కింది. ఆమె అరిచినట్టు లేదు, తిట్టినట్టు లేదు. వచ్చింది, అడిగింది, వెళ్లింది, మరల వచ్చింది. ఆమె దగ్గర ధనము లేదు, పలుకుబడి లేదు, రెండు కాళ్లు మాత్రము ఉన్నాయి.

అపార్టుమెంటు సెక్రటరీలుగా, అధ్యక్షులుగా, కాలనీ పెద్దలుగా ఉండి ఈ మాటలు వింటున్న సహోదరులారా, మీ బల్ల సొరుగులో చదవని కాగితము ఒకటి ఉన్నదేమో. చిన్న సంగతి అనుకోవద్దు. మందిరము పని చేయించినవారిని లెక్క అడగలేదట, వారు నమ్మకస్థులని అందరికీ తెలుసు గనుక. ఎంత గొప్ప పేరు! ఆ మేస్త్రీల పేర్లు బైబిలులో లేవు, ఆ ఒక్క మాట మాత్రం నిలిచింది. మీరు కూడా మొదట ఇంటింటికీ ఎంత వస్తుందో లెక్క కట్టి, గోడమీద అంటించి, సొమ్ము ఇద్దరి సంతకాలతో బ్యాంకులో వేసి చూడండి. ఇవ్వనన్నవారు కూడా మెల్లగా ఇస్తారు. సొమ్ము ఎక్కడికి పోతుందో కనబడనప్పుడే మనిషి చేయి బిగబడుతుంది. యోవాషు కాలములో పెట్టె పెట్టగానే ప్రజలు సంతోషముగా తెచ్చి వేశారని దినవృత్తాంతములలో ఉంది. వారు మారలేదు, పెట్టె మారింది.

వచ్చే వారం నెహెమ్యా మూడవ అధ్యాయము చదివి రండి. ఎవరి ఇంటి ఎదుట వారు గోడ కట్టుకున్న సంగతీ, పని దగ్గర మెడ వంచని తెకోవ ఘనుల సంగతీ చూద్దాం. ఇప్పుడు తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి కూడ బకెట్టు పెట్టుకొని పడుకున్న ఇండ్లను నీవు ఎరుగుదువు. ఆ గోడల చెమ్మను, ఆ వృద్ధుల ఆయాసమును చూడుము. ఈ వారము ఒక కాగితము రాయవలసిన కూతురికి ధైర్యమిమ్ము. ఆ కాగితము అందుకోవలసిన కుమారుని కాళ్లను మేడ మెట్లవైపు నడిపించుము. కింది అంతస్తులలో పొడిగా నిద్రించువారికి పైనున్న ధారల చప్పుడు వినిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.